ఐఐఎస్ ఎర్రర్ పేజీలు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్‌లో వివరంగా కనిపించే ఎర్రర్ పేజీలను ఐఐఎస్ 7 నుంచి, అంటే విండోస్ సర్వర్ 2008 రోజుల నుంచి వాడుతున్నాను. ముందే చెప్పేస్తాను: పేజీలు భేషుగ్గా ఉంటాయి. వాటిని కనబడేలా చేసే సెట్టింగులతోనే తలనొప్పి.

మంచి సంగతి ముందు. ఏ రకం రిక్వెస్టును ఏ కోడ్ చూసుకోవాలో చెప్పే హ్యాండ్లర్స్ సెక్షన్‌ను సైట్లు మార్చకుండా పై స్థాయిలో లాక్ వేసి ఉన్న సర్వర్ మీదకు, వెబ్.కాన్ఫిగ్ అనే సైటు సెట్టింగుల ఫైలులో అదే సెక్షన్ ఉన్న సైటును ఎక్కించారనుకోండి. బయటివారికి సర్వర్‌లో ఏదో పొరపాటు అని మాత్రమే చెప్పే ఉత్త 500 కనిపిస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ సర్వర్‌లోకే వెళ్లి, అక్కడి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ తెరవండి. 500.19 అన్న పూర్తి సంఖ్య, 80070021 అన్న కోడ్, సెక్షన్‌కు లాక్ పడిందన్న వివరణ, ఏ ఫైలులో ఎన్నో వరుస, అన్నీ ఉంటాయి. తప్పు పట్టిన వరుస ఎర్రగా కనిపిస్తుంది. ఒక సర్వర్ ఇంతకన్నా ఏం చెప్పాలి!

అన్నిసార్లూ ఇంత ఉదారంగా ఉండదు మరి. వచ్చిన చిరునామాలను మార్చి పంపే యూఆర్‌ఎల్ రీరైట్ మాడ్యూల్ లేని సర్వర్ మీద రీరైట్ నిబంధనలున్న సైటు పెడితే వచ్చేదీ 500.19 పేజీయే. కోడ్ మాత్రం 8007000డి. ఫైలులోని వరుసలు చూపాల్సిన చోట -1, 0 అని రెండు అంకెలు, పక్కన ఖాళీ. కొత్తవాళ్లు ఎక్కడ ట్యాగు మూయలేదోనని గంటలకొద్దీ వెతుకుతారు. ఆ -1 కనబడితే ఫైలును పక్కన పెట్టి, సర్వర్‌లో ఏ మాడ్యూల్ లేదో చూడమని చెబుతుంటాను.

పేజీలో చాలామంది పట్టించుకోనిది ఫిజికల్ పాత్, అంటే సర్వర్ డిస్కు మీద ఫైలు కోసం వెతికిన చోటు. అడిగింది దొరకలేదనే 404 వస్తే నేను మొదట చూసేది అదే. సైటు ఒక ఫోల్డరులో, సర్వర్ వెతుకుతున్నది మరో ఫోల్డరులో అని అక్కడే తేలిపోతుంది. పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తే 404 రావడం మొదట్లో విడ్డూరంగా అనిపిస్తుంది. వివరాల పేజీ 404.13 అని, అడ్డుకున్నది రిక్వెస్టులను వడకట్టే రిక్వెస్ట్ ఫిల్టరింగ్ అని చెబుతుంది. దాని డిఫాల్టు పరిమితి 3,00,00,000 బైట్లు. ఐఐఎస్ మీద సైటు కోడ్‌ను నడిపే ఏఎస్‌పీ డాట్ నెట్‌కు విడిగా 4,096 కిలోబైట్ల పరిమితి ఉంది. ఒకటి పెంచి రెండోది మరిచిపోయే వాళ్లకు లెక్కలేదు.

ఇక ఎర్రర్ వివరాలు చూపాలా వద్దా అని చెప్పే సెట్టింగులు. కస్టమ్‌ఎర్రర్స్ ఏఎస్‌పీ డాట్ నెట్‌ది, హెచ్‌టీటీపీఎర్రర్స్ ఐఐఎస్‌ది. ఒకదాని పని రెండోదానికి పట్టదు. మొదటిదాన్ని ఆఫ్ చేసినా, పొరపాటు ఏఎస్‌పీ డాట్ నెట్ దాకా చేరకముందే జరిగితే మళ్లీ ఆ ఉత్త 500 పేజీయే. పాత ఏఎస్‌పీ సైట్లయితే స్క్రిప్టు ఎర్రర్లను బ్రౌజర్‌కు పంపే మూడో సెట్టింగు వేరే. పైగా బయటివారికి చూపే రన్‌టైమ్ ఎర్రర్ పేజీ, వివరాలు కావాలంటే కస్టమ్‌ఎర్రర్స్ ఆఫ్ చేయమని సలహా ఇస్తుంది. పని ఒత్తిడిలో ఆ సలహా పాటించి, తిరిగి ఆన్ చేయని సైట్లు కోకొల్లలు. 2010 సెప్టెంబరులో బయటపడ్డ, గుప్తీకరించిన డేటాను దాడి చేసేవాడు విప్పుకోగలిగే ఏఎస్‌పీ డాట్ నెట్ ప్యాడింగ్ ఆరకిల్ లోపం గుర్తుందా? అక్కడ వివరాలు కూడా అక్కర్లేదు. సర్వర్ ఒక్కో తప్పుకు ఒక్కో రకంగా జవాబివ్వడమే దాడి చేసేవాడికి చాలింది. ప్యాచ్ వచ్చేలోగా అన్ని ఎర్రర్లకూ ఒకే పేజీ చూపమన్నారు.

అందుకే హెచ్‌టీటీపీఎర్రర్స్‌లో డీటెయిల్డ్‌లోకల్‌ఓన్లీ అన్న డిఫాల్టును నేను మార్చను. సర్వర్ మీద కూర్చున్నవారికి వివరం, మిగతావారికి ఉత్త సంఖ్య. దీనితో రెండు చిక్కులున్నాయి. వేరే ప్రోగ్రాములకు జవాబిచ్చే ఏపీఐ, రిక్వెస్టు తప్పు అనే 400తో పాటు పంపిన జేసన్ సందేశం సర్వర్ మీద చక్కగా కనిపిస్తుంది, బయట మాత్రం దాని బదులు ఐఐఎస్ సొంత పేజీ వస్తుంది. హెచ్‌టీటీపీఎర్రర్స్‌లోని ఎగ్జిస్టింగ్‌రెస్పాన్స్‌ను పాస్‌త్రూ చేస్తే సరిపోతుంది. రెండోది ప్రమాదకరం. అదే యంత్రం మీద బయటి రిక్వెస్టులను తీసుకుని ఐఐఎస్‌కు అందించే రివర్స్ ప్రాక్సీయో టన్నెలో నడుస్తుంటే, వచ్చే రిక్వెస్టులన్నీ లోకల్‌వే అని ఐఐఎస్ అనుకుంటుంది. కోడ్ ఎక్కడ ఆగిందో చూపే స్టాక్ ట్రేస్, ఫోల్డర్ల పేర్లు ఊరందరికీ కనిపిస్తాయి. అలాంటి చోట హెచ్‌టీటీపీఎర్రర్స్‌ను కస్టమ్, కస్టమ్‌ఎర్రర్స్‌ను ఆన్ చేయక తప్పదు.

అప్పుడు వివరాలెలా? ఫెయిల్డ్ రిక్వెస్ట్ ట్రేసింగ్. నా లెక్కలో ఐఐఎస్‌లో అన్నిటికన్నా మంచి సాధనం ఇదే. సర్వర్ మేనేజర్‌లో ట్రేసింగ్ విడిగా ఇన్‌స్టాల్ చేసి, సైటుకు ఆన్ చేసి, 500 వచ్చినప్పుడు రాయమని నిబంధన పెడితే చాలు. రిక్వెస్టు ఏ మాడ్యూల్ దగ్గర ఎంతసేపు ఆగిందో, ఎక్కడ తిరగబడిందో ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా రాసిపెడుతుంది. డిఫాల్టుగా 50 ఫైళ్లే ఉంచుతుంది. రద్దీ సైటులో అవి చిటికెలో నిండి పాతవి పోతాయి, కాబట్టి ముందే పెంచుకోండి. ఆ ఫైలును చదవగలిగే పేజీగా మార్చే, పక్కనే ఉండే ఎక్స్‌ఎస్‌ఎల్ సాయంతో చూడాలి. నేటి బ్రౌజర్లు డిస్కు మీది ఎక్స్‌ఎస్‌ఎల్‌ను తెరవనివ్వవు, తెల్ల పేజీ చూపిస్తాయి. నేను ఎడ్జ్‌లో పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా నడిపే ఐఈ మోడ్ పెట్టుకుని చదువుతున్నాను.