మా 1953 షెవర్లే పికప్‌కు ఆటోమేటిక్ గేర్‌బాక్సు బిగించిన వరంగల్ షెడ్డు

వరంగల్ ఆటోనగర్‌లో పేరు బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డులో మా 1953 నాటి షెవర్లే 3100 పికప్‌కు ఆటోమేటిక్ గేర్‌బాక్సు బిగించుకొని ఎనిమిది నెలలు నిండాయి. ఒకప్పుడు నర్సంపేట వైపు ఉన్న మా చేను నుంచి వరంగల్‌కు మిర్చి బస్తాలు మోసిన బండి అది. ఇప్పుడు ఆదివారం తప్ప వాకిలి దాటదు. మా బాపుకు ఎడమ మోకాలి కీలు మార్చిన తరువాత క్లచ్చు తొక్కవద్దని డాక్టరు చెప్పారు, బండి అమ్మవద్దని బాపు చెప్పారు. ఇద్దరి మాటా నిలవాలంటే క్లచ్చునే తీసివేయడం తప్ప నాకు మరో మార్గం కనబడలేదు.

ఈ బండిలో ఆ పని ఎంత చిక్కైనదో ముందుగా చెప్పాలి, ఎందుకంటే షెడ్డు పనితనాన్ని దానితోనే తూచవలసి ఉంటుంది. 3100లో గేర్‌బాక్సు నుంచి వెనక హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసును కప్పి ఉండే డబ్బా) వరకు వెళ్లే షాఫ్టు బయటికి కనబడదు. అది ఒక లావుపాటి ఇనుప గొట్టంలో మూసి ఉంటుంది, చక్రాలు బండిని నెట్టే బలం కూడా ఆ గొట్టం ద్వారానే ముందుకు అందుతుంది. కాబట్టి గేర్‌బాక్సు మారితే గొట్టం పోవాలి, గొట్టం పోతే హౌసింగూ మారాలి. పైగా ఇంజన్ వెనక భాగపు బరువు క్లచ్చును కప్పి ఉండే బెల్ హౌసింగ్ మీదనే ఆని ఉండడం వల్ల, దానిని విప్పగానే ఇంజన్‌కు వెనక ఆధారమే లేకుండా పోతుంది.

మేము ఎంచుకున్నది జనరల్ మోటార్స్ 1969 మోడళ్ల నుంచి వాడిన టర్బో హైడ్రామాటిక్ 350. మూడు గేర్ల ఈ బాక్సుకు కంప్యూటరు అక్కర లేదు. లోపలి ఆయిలు ఒత్తిడితో, ఇంజన్ నుంచి వచ్చే ఒక వాక్యూమ్ ట్యూబుతో, యాక్సిలరేటరుకు కట్టిన ఒక కేబులుతో గేర్లు తామే మారుతాయి. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది బాక్సును, పాత ఆరు సిలిండర్ల ఇంజన్‌కు దానిని కలిపే అడాప్టరు ప్లేటును, షాఫ్టు బయటికి ఉండే రకం వెనక హౌసింగ్‌ను ఓడలో పంపించాడు. కస్టమ్స్ కథ వేరే చెప్పుకోవలసినంత పెద్దది, ఇక్కడ వద్దు.

మేస్త్రీ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది కొలత. కొత్త షాఫ్టు పొడవు తీసే ముందు ఆయన తొట్టిలో ఆరు వడ్ల బస్తాలు వేయించి, కమాన్ పట్టీలు కిందికి దిగిన తరువాతే టేపు పట్టాడు. “ఖాళీ బండికి కొలత తీస్తే బరువు పడ్డంక తప్పయితది సార్” అన్నాడు. గేర్‌బాక్సును కింద నుంచి మోసే అడ్డపు ఇనుప దిమ్మె, అంటే క్రాస్ మెంబర్‌ను ఛాసిస్‌కు కొత్తగా ఒక్క రంధ్రం వేయకుండా, వెల్డింగు ముట్టించకుండా, పాత రంధ్రాలకే రెండు వైపులా ప్లేట్లు బిగించి నిలబెట్టాడు.

ఇంకొక మంచి పని నేను అడగకుండానే జరిగింది. 216 ఘనపు అంగుళాల మా ఇంజన్‌కు 92 హార్స్‌పవర్ మాత్రమే. కనెక్టింగ్ రాడ్లకు ఆయిలు ఒత్తిడితో కాక చాలావరకు చిమ్మడం వల్ల అందే పాత పద్ధతి కావడంతో దానిని ఎక్కువ వేగంగా తిప్పకూడదు. బండి వేగాన్ని బట్టి గేరు ఎప్పుడు మారాలో తేల్చే, గేర్‌బాక్సులోని గవర్నరు మాత్రం వేగంగా తిరిగే వి8 ఇంజన్‌కు సరిపడేలా ఉండి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఇంజన్ అరుస్తున్నా రెండో గేరు పడేది కాదు. మేస్త్రీ దానిని బయటికి తీసి, బరువులు కొద్దిగా పెంచి తిరిగి బిగించిన తరువాత గేర్లు ముందుగానే మారుతున్నాయి. బండి మెల్లగా కదులుతుంది, కానీ ఎక్కడా గుంజదు.

ఇక లోపాల సంగతి. నలభై రోజులన్న పని నాలుగు నెలలు పట్టింది, ఫోన్ చేసిన ప్రతిసారీ “రేపు” అన్న మాటే వినిపించింది. కొత్త స్టార్టరు 12 వోల్టులది కావడం వల్ల 6 వోల్టుల బ్యాటరీతో పాటు డైనమో, బల్బులు మార్చవలసి వస్తుందని ముందు చెప్పలేదు. ఆ ఖర్చు చివరి బిల్లులో చూసి తెలుసుకున్నాను. ఆయిలు చల్లబరిచే కూలరును రేడియేటరు వెనక కట్టాడు; ఎండాకాలం ఊరి బయటికి వెళ్లిన మొదటి రోజే బాక్సు నుంచి కాలిన వాసన వచ్చింది. దానిని రేడియేటరు ముందుకు మార్పించి, తొమ్మిది లీటర్లకు పైగా పట్టే ఆయిలంతా కొత్తగా పోయించిన తరువాత మళ్లీ ఆ వాసన రాలేదు.

వీటన్నిటినీ క్షమించగలను గాని ఒకటి మాత్రం కాదు. స్టీరింగ్ పక్కనున్న పాత గేరు రాడ్డునే ఆయన కొత్త బాక్సుకు కలిపాడు, చూడడానికి బాగుంది. అయితే ములుగు వెళ్తూ గట్టమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి వాలు మీద ఆపి, రాడ్డును పార్కింగులో పెట్టి దిగితే బండి మెల్లగా వెనక్కి కదిలింది. మా తమ్ముడు లోపలే ఉండి హ్యాండ్ బ్రేకు లాగాడు కాబట్టి సరిపోయింది. పైన రాడ్డు పార్కింగ్ చూపిస్తున్నా కింద బాక్సులోని లాకు పూర్తిగా పడలేదు. ఆ రెండింటినీ కలిపే లింకు రాడ్డు పొడవులో వేలెడంత తేడా లేదు, అయినా అదే చాలు. డబ్బు తీసుకోకుండానే సరిచేశాడు, కానీ మూడుసార్లు తిరిగితే గాని కుదరలేదు. అక్కడ ఈ పని చేయించేవారు బండి తీసుకునే ముందు వాలు మీద ఆపి, మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకొనే పరీక్షించాలి.

కాగితాల విషయం షెడ్డువాళ్లు పట్టించుకోరు, మనమే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. వికలాంగుల అవసరానికి మార్చుకునేందుకు, తరువాత రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం తీసుకునే షరతుతో వెసులుబాటు ఉంది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి. క్రాస్ మెంబర్ కోసం రంధ్రం వేయవద్దని నేను పట్టుబట్టింది అందుకే. పాత గేర్‌బాక్సును, గొట్టాన్ని, హౌసింగ్‌ను గ్రీజు పూసి గోనె సంచుల్లో చుట్టి ఇచ్చారు. అవి మా కొట్టంలో ఉన్నాయి.

కాలితో తొక్కే పాత స్టార్టరు పెడల్ మాత్రం ఆ సంచుల్లో లేదు. కొత్త స్టార్టరుకు దానితో పని లేకపోయినా, బాపు షెడ్డుకు స్వయంగా వెళ్లి అడిగితే మేస్త్రీ పెడల్ కింద ఒక కరెంటు స్విచ్చు పెట్టి, బాక్సు పార్కింగులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే పనిచేసేలా కలిపాడు. బాపు ఇప్పటికీ కుడి కాలితోనే బండి స్టార్ట్ చేస్తున్నారు.