"ఇంటర్వ్యూ సూటు" అన్న పేరు చూసి కొనకండి: కొనుగోలుదారులకు జాగ్రత్త హెచ్చరిక

ఉద్యోగ ఇంటర్వ్యూ కోసం ఆన్‌లైన్‌లో సూటు గాని, బ్లేజరు గాని కొనబోతున్నవారు ఆర్డరు పెట్టే ముందు ఈ నాలుగు మాటలు చదవవలసిందిగా మనవి. "ఇంటర్వ్యూ రెడీ", "ప్రీమియం ఫార్మల్", "ఊల్ బ్లెండ్" అన్న పేర్లు అమ్మకపు పేజీకి అలంకారాలే తప్ప, బట్ట దేనితో నేశారో, కోటు ఎలా కుట్టారో అవి చెప్పవు.

మా తమ్ముడి కోసం ముదురు నీలం సూటు ఒకటి తెప్పించాము. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఒక్క పేరును తప్పించుకున్నంత మాత్రాన ఇలాంటి సరుకు నుంచి తప్పించుకున్నట్టు కాదు. పేజీలో ఉన్ని మిశ్రమం అని రాశారు, చేతి అంచు మీద కుట్టిన పట్టీలో "సూపర్ 120" అని అచ్చు వేశారు. కోటు లోపలి జేబులో, అస్తరు కుట్టుకు ఆనుకుని ఉన్న చిన్న లేబుల్ మీద మాత్రం పాలియెస్టర్ 65 శాతం, విస్కోజ్ (చెక్క గుజ్జు నుంచి తయారుచేసే పోగు) 35 శాతం అని ఉంది. ఉన్ని అన్న మాటే అందులో లేదు. మొదటి విడత ఇంటర్వ్యూ దానితోనే గడిచింది. రెండో విడతకు ముందు డ్రైక్లీనింగ్‌కు ఇచ్చి తెచ్చేసరికి ఛాతీ మీద, కాలరు మడతల దగ్గర బట్ట బుడగలు బుడగలుగా లేచి ఉంది. అమ్మినవారిని అడిగితే, చేతుల పొడవు తగ్గించి కుట్టించారు కనుక వాపసు కుదరదన్నారు. లేబుల్ విషయం అడిగితే, "ఊల్ బ్లెండ్" అన్నది బట్ట స్పర్శను వర్ణించే మాట అని జవాబిచ్చారు.

ముందుగా ఆ "సూపర్" అంకె సంగతి. అది నాణ్యతకు వేసే మార్కు కాదు, ఉన్ని పోగు ఎంత సన్ననిదో చెప్పే కొలత. అంతర్జాతీయ ఉన్ని వస్త్ర సంస్థ నియమావళి ప్రకారం సూపర్ 100 అంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), సూపర్ 120 అంటే 17.75 మైక్రాన్లు మించకూడదు. పాలియెస్టర్, విస్కోజ్ మిశ్రమం మీద ఈ అంకె వేయడానికి అర్థమే లేదు, కనుక లోపలి లేబుల్ ఒకటి చెబుతుంటే పై పట్టీ మరొకటి చెప్పడం కనిపించిన క్షణంలోనే ఆ సూటును మడిచి వెనక్కి పంపించేయవచ్చు. లేబుల్ మీద కూడా నమ్మకం కుదరకపోతే, ప్యాంటు కాలి మడత లోపల అదనంగా ఉన్న బట్ట నుంచి ఒకటి రెండు పోగులు లాగి, పళ్ళెం మీద జాగ్రత్తగా అంటించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మంట తనంతట తానే ఆరిపోయి, వేళ్ళ మధ్య నలిగే బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

పాలియెస్టర్, విస్కోజ్ సూట్లన్నీ పనికిరానివని నా ఉద్దేశం కాదు. అవి తొందరగా నలగవు, ప్యాంటు మడత నిలుస్తుంది, చవక కూడా. మొదటిసారి ఉద్యోగం వెతుక్కునేవారికి చాలావరకు అవి సరిపోతాయి. ఉన్ని పేరు చెప్పి ఉన్ని ధర తీసుకోవడమే మోసం. ఒక్క ఇబ్బంది మాత్రం గుర్తుంచుకోవాలి. పరీక్షల కోసం నిర్ణయించిన ప్రామాణిక వేడి, గాలి తేమలో నూలు తన పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమను పట్టుకుంటుంది, ఉన్ని ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది, పాలియెస్టర్ 0.4 శాతమే. అందువల్ల మిశ్రమంలో పాలియెస్టర్ వాటా పెరిగి, అస్తరు కూడా పాలియెస్టరే అయినప్పుడు, పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న మనిషికి చెమట ఒంటిమీదే నిలిచిపోతుంది. అలాంటి సూటు లోపలికి నూలు చొక్కా తప్పనిసరి అనుకోండి.

ఇక బుడగల విషయం. కోటు ముందు భాగం నిటారుగా నిలవడానికి పైబట్టకు, లోపలి బట్టకు మధ్య ఒక పొర పెడతారు. దాన్ని కుట్టుతో నిలిపితే క్యాన్వాస్ కోటు, వేడికి కరిగే జిగురుతో అతికిస్తే ఫ్యూజింగ్ కోటు అంటారు. అతికించేటప్పుడు వేడి గాని, ఒత్తిడి గాని, సమయం గాని చాలకపోతే జిగురు సరిగా పట్టదు, ఆ తరువాత డ్రైక్లీనింగ్ ద్రావకం, ఆవిరి, గట్టి ఇస్త్రీ తగిలినప్పుడు అక్కడక్కడ ఊడిపోయి బట్ట పైకి లేస్తుంది. ఇస్త్రీ పెట్టెతో అదిమితే తాత్కాలికంగా అణగవచ్చు గాని అది నమ్ముకోదగిన మరమ్మతు కాదు. కాజాల దగ్గర పైబట్టను ఒక చేత్తో, లోపలి బట్టను మరో చేత్తో పట్టుకుని మెల్లగా విడదీసి చూడండి. మధ్యలో మూడో పొర విడిగా జారుతూ చేతికి తగిలితే అది క్యాన్వాస్. పైబట్ట దళసరిగా, అట్టలా ఉండి మధ్యలో ఏమీ తగలకపోతే ఫ్యూజింగ్. ఫ్యూజింగ్ ఉన్నంత మాత్రాన వద్దనవలసిన పని లేదు, మంచి ఫ్యూజింగ్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అయితే కొత్తదానిలోనే కాలరు మడత దగ్గర ముడతలు కనిపిస్తే అది బాగుపడుతుందని ఆశించకండి. డ్రైక్లీనింగ్ కూడా అవసరమైనప్పుడే. మామూలుగా బ్రష్‌తో దులిపి వెడల్పాటి హ్యాంగరుకు వేలాడదీస్తే చాలు.

రంగు దిగడం మరో బాధ. ముదురు నీలం, నలుపు బట్టలను తెల్లటి నూలు గుడ్డతో ఒకసారి పొడిగా, మరోసారి కొద్దిగా తడిపి రుద్ది చూడండి. గుడ్డకు నీలం అంటితే, ఇంటర్వ్యూ రోజున తెల్ల చొక్కా కాలరుకు కూడా అంటుతుంది.

చొక్కా విషయంలో మోసం ఎక్కువగా పలుచదనంలో ఉంటుంది. ఫొటోలో దళసరిగా కనిపించిన తెల్ల చొక్కా కిటికీ వెలుగులో లోపలి బనియన్ అంచులను చూపించేస్తుంది. ఆడవారి ఫార్మల్ టాపులలో ఈ లోపం మరీ ఎక్కువగా చూశాను. చేతిని లోపల పెట్టి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే తెలిసిపోతుంది. లోపల వేసుకునేది తెల్లది కాకుండా ఒంటి రంగుకు దగ్గరగా ఉంటే తక్కువగా కనిపిస్తుంది. వీడియో ఇంటర్వ్యూ అయితే సన్నటి గీతల చొక్కా వద్దు, కెమెరాలో ఆ గీతలు అలల్లా కదులుతూ కనిపిస్తాయి.

కొలతల దగ్గర పేజీలోని మోడల్‌ను నమ్మవద్దు. అమ్మకపు ఫొటోలకు వీపు వెనుక క్లిప్పులు పెట్టి బట్టను ఒంటికి పట్టించడం మామూలే. చేతుల పొడవు, నడుము, ప్యాంటు పొడవు దర్జీ సరిచేయగలడు. భుజాలు సరిపోకపోతే సరిచేయడం కష్టం, ఖర్చు కూడా, కాబట్టి భుజం కుట్టు భుజం ఎముక చివరను దాటి వేలాడుతుంటే తిప్పి పంపండి. నిలబడి చూసుకోవడంతో సరిపెట్టుకోకండి. బొత్తాం పెట్టి కుర్చీలో కూర్చుని ముందుకు వంగినప్పుడు ప్యాంటు వెనుక కుట్టు దగ్గర పోగులు పక్కకు జరిగి సందు కనిపిస్తే ఆ నేత వదులుగా ఉన్నట్టే. ఇంటర్వ్యూ అంతా కూర్చునే జరుగుతుంది కదా.

ఈ పరీక్షలన్నీ దర్జీ దగ్గరకు పోకముందే, ట్యాగులు కత్తిరించకముందే కావాలి. ఒకసారి ఆల్టరేషన్ చేయిస్తే వాపసు హక్కు పోతుందన్న షరతు చాలాచోట్ల ఉంటుంది. అమ్మకపు పేజీని, లోపలి లేబుల్‌ను, పై పట్టీని పార్సిల్ విప్పిన రోజే ఫొటోలు తీసి పెట్టుకోండి, పేజీలోని మాటలు తరువాత మారిపోవచ్చు. సమీక్షలు చదివేటప్పుడు "చక్కగా సరిపోయింది" అని వచ్చిన రోజే రాసినవాటిని పక్కనపెట్టి, ఉతికాక, కొన్ని నెలలు వాడాక రాసినవాటిని వెతకండి. ఉంచుకోవాలని నిశ్చయించుకున్నాక చేతి అంచు పట్టీని, వెనుక చీలికను పట్టి ఉంచే అడ్డకుట్టును విప్పడం మరవకండి. అవి దుకాణం కోసం వేసినవి, వాటితోనే ఇంటర్వ్యూకు వెళ్ళేవారు ఇప్పటికీ కనిపిస్తున్నారు.

ఇలాంటి సూటు ఇప్పటికే కొని, ఇంటర్వ్యూ దగ్గరపడినవారు దాన్ని డ్రైక్లీనింగ్‌కు ఇవ్వకండి, వేడి ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనించకండి. పైన పలుచని నూలు గుడ్డ వేసి తక్కువ వేడితో ముడతలు తీయండి. బుడగలు లేచిపోయి ఉంటే కోటును ఇంట్లోనే వదిలి, శుభ్రమైన నూలు చొక్కా, సాదా ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లతో వెళ్ళండి. మా తమ్ముడు రెండో విడతకు అలాగే వెళ్ళాడు.