తెల్ల కారుకు లోతైన మెరుపు: వాక్స్, సీలెంట్, సిరామిక్ కోటింగ్‌లలో ఏది మేలు?

తెల్ల కారుకు రోజంతా చెమటోడ్చి వాక్స్ పట్టించినవారికి సాయంత్రానికి ఒక చిన్న నిరుత్సాహం ఎదురవుతుంది. పక్కన నిలిపిన నల్ల కారు అంతటి సేవ పొందకపోయినా చెట్టు కొమ్మలనూ మబ్బులనూ బానెట్‌లో అద్దంలా చూపిస్తూ ఉంటుంది. మన కారు మాత్రం తోమి బోర్లించిన పింగాణీ పళ్ళెంలా శుభ్రంగా ఉంటుందే తప్ప, చూపును లోపలికి లాక్కునే నిగారింపు దానికి రాదు. లోపం వాక్స్‌లో ఉందనుకుని మరింత ఖరీదైన డబ్బా కొనడం చాలామంది చేసే పని, నేనూ అలా రెండు డబ్బాలు కొన్నాను. ఆ తరువాత గాని, తెల్ల రంగు విషయంలో పైన పూసేదానికన్నా అంతకు ముందు తీసేసేదే ఎక్కువ ఫలితమిస్తుందని నాకు తెలిసిరాలేదు.

కారణం రంగు స్వభావంలోనే ఉంది. రంగు మీద ఉండే పారదర్శకమైన క్లియర్ కోట్ తనపై నేరుగా పడిన వెలుగులో సుమారు 4 శాతాన్ని మాత్రమే అద్దంలా తిప్పికొడుతుంది. మిగిలినది లోపలికి పోతుంది. నల్ల రంగు అలా లోపలికి పోయిన వెలుగును దాదాపు పూర్తిగా మింగేస్తుంది కాబట్టి, ఆ 4 శాతమే చీకటి తెర మీది బొమ్మలా స్పష్టంగా కనిపిస్తుంది. తెల్ల రంగులోని టైటానియం డయాక్సైడ్ మాత్రం ఆ వెలుగులో అధిక భాగాన్ని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. ఆ వెల్లువలో ప్రతిబింబం పట్టపగటి దీపంలా వెలవెలబోతుంది. ఏ వాక్సూ ఈ లెక్కను మార్చలేదు. అయితే అదే కారును బానెట్ ఎత్తుకు వంగి ఏటవాలుగా చూసినప్పుడు, చూపు వాలేకొద్దీ పైతలం తిప్పికొట్టే వెలుగు పెరుగుతుంది కాబట్టి, ఎదుటి గోడలోని ఇటుకల వరుసలు కూడా అందులో కనిపిస్తాయి. తెల్ల కారు నుంచి మనం ఆశించవలసినది ఆ మెరుపునే: అంచు చెదరని ప్రతిబింబం, దాని కింద మచ్చలేని తెలుపు.

మచ్చలేని తెలుపు అనేది వినడానికి తేలికగా ఉన్నా సగానికి పైగా శ్రమ అక్కడే పడుతుంది. బ్రేక్ ప్యాడ్లూ డిస్కులూ అరిగినప్పుడు లేచే ఇనుప రజను క్లియర్ కోట్‌లో గుచ్చుకుని, తుప్పు పట్టి, నారింజ రంగు చుక్కలుగా బయటపడుతుంది. ముదురు రంగు కార్లకూ ఇది పడుతుంది గాని, తెలుపు మీద మాత్రమే దాగదు. నా కారు డిక్కీ తలుపు మీద ఇవి ఆవపిండి చల్లినట్టు ఉండేవి. షాంపూతో ఎన్నిసార్లు కడిగినా కదలని ఆ చుక్కల మీద ఐరన్ రిమూవర్ చల్లి కొన్ని నిమిషాలు ఆగాక, అది ఇనుముతో కలిసి ఊదా రంగుకు మారి, కుళ్ళిన గుడ్ల లాంటి వాసనతో ధారలుగా కిందికి కారడం మొదలైంది. తెల్లగానే ఉందని నేను అనుకున్న టాపు నుంచి కూడా ఊదా చారలు దిగడం చూసి ఆశ్చర్యపోయాను. ఈ మందును నీడలో, లోహం చల్లగా ఉన్నప్పుడు వాడాలి, ఆరిపోకముందే ధారాళంగా కడిగివేయాలి. తలుపుల కింది భాగంలోని తారు చుక్కలకు తారు రిమూవర్ వేరుగా కావాలి.

ఐరన్ రిమూవర్ చాలునా, రంగులో ఇరుక్కున్న మురికిని అంటించుకుని లాగేసే మెత్తని ముద్ద అయిన క్లే బార్ కూడా అవసరమా అన్న ప్రశ్నకు జవాబు వేళ్ళకే తెలుస్తుంది. కడిగి ఆరబెట్టిన బానెట్ మీద పలుచని ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి నిమిరినప్పుడు గరుకుగా తగిలితే క్లే పని మిగిలి ఉన్నట్టే. క్లేను జారుడు ద్రవంతో తడిపి, నొక్కకుండా నెమ్మదిగా జరపాలి. చేతిలో ముద్ద ఎంత మురికి పట్టిందో చూసి మడిచి, కొత్త వైపు వాడుకోవాలి, నేలన పడితే ఆ ముక్కను పారవేయాలి. క్లే సన్నని గీతలు పెడుతుందన్నది నిజమే, నల్ల కారైతే వెంటనే పాలిష్ చేయక తప్పదు. తెలుపు ఆ గీతలను చాలావరకు కప్పిపుచ్చుతుంది, తెల్ల కారు యజమానికి దొరికే కొద్దిపాటి సౌలభ్యాలలో ఇది ఒకటి.

పాలిష్ మేలా, గ్లేజ్ మేలా అన్న విషయంలో నాకు సందేహం లేదు. గ్లేజ్ అనేది నూనెలతో, పూడిక పదార్థాలతో గీతలను తాత్కాలికంగా నింపే లేపనం. కొన్ని కడుగుళ్ళతోనే పోతుంది. గీతలు సహజంగానే తక్కువగా కనిపించే తెలుపు మీద దానికి చేయగల పని కూడా తక్కువే. సన్నని ఫినిషింగ్ పాలిష్ అలా కాదు. అది వాడిపోయిన పైపొరను సూక్ష్మంగా అరగదీసి, పసుపు తిరిగిన మురికి పొరను కూడా తీసుకుపోతుంది కాబట్టి, తెలుపు ఒక మెట్టు చల్లగా, ప్రతిబింబం అంచు పదునుగా కనిపిస్తాయి. కాకపోతే క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లే ఉంటుంది, అంటే తల వెంట్రుకకన్నా పలుచన. ఏటా అరగదీస్తూ పోవడానికి అది చాలదు. కొత్తగా చేయి తిప్పుకునేవారికి, ఉన్నచోటే గిరగిర తిరిగే రోటరీ పాలిష్ యంత్రం కన్నా, తిరుగుతూనే ఊగే డ్యూయల్ యాక్షన్ యంత్రమే క్షేమం, ఎందుకంటే రోటరీ ఒకేచోట నిలిస్తే రంగును కాల్చగలదు. పాత కార్లలో క్లియర్ కోట్ లేని తెల్ల రంగు కూడా ఉంటుంది. పాలిష్ గుడ్డకు తెలుపు అంటుకుంటే అది అదేనని అర్థం, అందులో కంగారు పడవలసింది లేదు.

ఇంత జరిగాక గాని పై పూత ప్రశ్న రాదు.

కార్నూబా వాక్స్ బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. శుద్ధమైన కార్నూబా 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగనంత గట్టిది కనుక, పూయడానికి వీలుగా నూనెలూ ద్రావకాలూ కలిపి డబ్బాలకెత్తుతారు. ముదురు ఎరుపుకూ నలుపుకూ అది ఇచ్చే వెచ్చని, తడిసినట్టుండే లోతుకు సాటి లేదని దాని అభిమానులు చెప్పేది అతిశయోక్తి కాదు. అయితే ఆ తడితనం ముదురు రంగులోనే కనిపిస్తుంది. తెలుపు మీద దానిలో అధిక భాగం మనకు అందదు. పసుపు వాక్స్ తెల్ల కారును పసుపు చేస్తుందన్న భయం మాత్రం నిరాధారం, తుడిచాక మిగిలే పొర కంటికి రంగు కనిపించనంత పలుచన. మన్నిక ఎండావానలను బట్టి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల వరకు. పూయడంలో ఉన్న తృప్తి కోసం పూసేవారిని నేను ఆపను.

కృత్రిమ పాలిమర్లతో చేసే సీలెంట్ ఇచ్చే మెరుపు వేరు. అందులో వెచ్చదనం లేదు. అద్దపు పలకలా కఠినంగా, చల్లగా ఉంటుంది. ముదురు రంగు అభిమానులు దీన్ని నిర్జీవమని చిన్నచూపు చూస్తారు గాని, తెల్ల రంగుకు కావలసింది సరిగ్గా ఆ చల్లదనమే, ఎందుకంటే తెలుపు మీద మెరుపు అంటే లోతు కన్నా స్పష్టత. నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది, గంటలో పూయవచ్చు. పూశాక కొన్ని గంటల పాటు నీరు తగలకుండా ఉంచగలిగితే బాగా పట్టుకుంటుంది. బానెట్ సగానికి వాక్స్, సగానికి సీలెంట్ పూసి నేనే చూసుకున్నాను: మొదటి రోజు తేడా చెప్పలేకపోయాను, రెండో నెలలో మాత్రం దుమ్ము ఏ సగం నుంచి సులభంగా జారిందో నీళ్ళు పోయగానే తెలిసింది.

సిరామిక్ కోటింగ్ ఈ రెండింటికీ భిన్నంగా, సిలికా ఆధారిత ద్రవం రంగు మీద గట్టిపడి పొరగా మారే పద్ధతి. సరిగ్గా వేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది, పక్షి రెట్టలూ మురికీ త్వరగా అంటవు, కడగడం తేలికవుతుంది. అయితే ఈ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు కాబట్టి రాళ్ళ దెబ్బలను ఆపదు. దాని గురించి గొప్పగా చెప్పే ‘9హెచ్’ పెన్సిల్ గట్టిదనపు కొలతే గాని వజ్రంతో పోల్చే కొలత కాదు. తెల్ల కారుకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పూత ఎక్కువైన చోట తుడవకుండా వదిలేస్తే నూనె మరకలాంటి గుర్తు గట్టిపడిపోతుంది, తరువాత పాలిష్ చేస్తే గాని పోదు. నలుపు మీద ఆ మరక ఇంద్రధనుస్సులా మెరుస్తూ తనను తాను పట్టిస్తుంది, తెలుపు మీద కనిపించదు. అందుకే ప్రతి పలకనూ టార్చ్‌తో పక్కవాటుగా వెలుగు వేసి, కిందికి వంగి వెతుక్కోవాలి. అడుగున తుప్పు చుక్క ఒక్కటి మిగిలినా దాన్ని కూడా భద్రంగా మూతవేసి ఏళ్ళ పాటు చూపిస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి సాదా తెలుపు ఉన్న కారును తామే చూసుకునేవారికి నా ఓటు సీలెంట్‌కే. ఐరన్ రిమూవర్, క్లే, ఒక పూట సన్నని పాలిష్ ముందుగా పూర్తి చేసి, ఏడాదికి రెండు మూడుసార్లు సీలెంట్ వేసుకుంటే చాలు. తొలి సన్నాహాన్ని ఓపికగా చేయగలిగి, ఆపై కొన్నేళ్ళు కారు జోలికి పోదలచుకోనివారికి సిరామిక్ మేలు. అభ్రకపు రేణువులు కలిపిన పెర్ల్ వైట్ రంగైతే లెక్క కొంచెం మారుతుంది: ఎండలో ఆ రేణువుల మినుకు కనిపించడం క్లియర్ కోట్ స్వచ్ఛత మీదే ఆధారపడుతుంది కనుక, అక్కడ పాలిష్‌కు మరింత సమయం కేటాయించి, పై పూత ఏదైనా ఎంచుకోవచ్చు.

ఇక దేన్ని పూసినా, కిటికీల చుట్టూ ఉన్న నల్ల రబ్బరుకూ బంపర్ ప్లాస్టిక్‌కూ ముందుగా టేపు అంటించాలి. ఎండిన వాక్స్ వాటి మీద తెల్లని పొక్కుల్లా మిగిలిపోయి, తోమినా ఒక పట్టాన వదలదు. పట్టీలూ టైర్లూ నల్లగా నిగనిగలాడే కారు పక్కన అదే తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. నేను చివరి అరగంటను వాటికే వదిలేస్తాను.