మతం, సంస్కృతి, ప్రజాజీవితం: డిగ్రీ విద్యార్థుల పరిశోధన సెమినార్‌పై ఒక సమీక్ష

మతం, సంస్కృతి, ప్రజాజీవితం అనే అంశంపై డిగ్రీ విద్యార్థుల కోసం నడిచే ఒక పరిశోధన సెమినార్‌లో నేను ఒక టర్మ్ పాటు చదువుకున్నాను. టర్మ్ చివర ఒక పెద్ద పత్రం రాసి ఇస్తే సరిపోతుందని అనుకుని ఇలాంటి సెమినార్లలో చేరేవారు చాలామంది ఉంటారు. కానీ ఇక్కడ సగం కాలం ప్రశ్నను సరిగా వేయడం నేర్చుకోవడానికే పోయింది. నా దృష్టిలో ఈ సెమినార్ విలువంతా ఆ సగంలోనే ఉంది. మతం విషయంలో పెంపకం నుంచి, చుట్టుపక్కల మాటల నుంచి వచ్చిన అభిప్రాయం ప్రతి ఒక్కరిలోనూ ముందే సిద్ధంగా ఉంటుంది. ఆ అభిప్రాయాన్ని పక్కన పెట్టమని ఇక్కడ ఎవరూ అడగరు. దాన్ని ఇతరులు పరీక్షించగలిగే ప్రశ్నగా మార్చమని మాత్రం పట్టుబడతారు.

నా సహాధ్యాయి ఒకరు 'నేటి యువత మతానికి దూరమవుతోందా' అనే ప్రశ్నతో వచ్చారు. అధ్యాపకురాలు ఆ కాగితం మీద యువత, మతం, దూరం అనే మూడు మాటల కింద గీతలు గీసి, వీటిలో ప్రతి ఒక్కటినీ దేనితో కొలుస్తారో పక్కన రాసుకురమ్మన్నారు. ఆరాధనకు వెళ్లడం తగ్గితే దూరమైనట్టా, ఇంట్లో ప్రార్థన మానేస్తేనా, సర్వేలో ఏ మతమూ లేదని గుర్తు పెడితేనా అన్న చర్చ రెండు తరగతుల పాటు సాగింది. చివరికి ఆ ప్రశ్న ఒక ఆసుపత్రిలోని ప్రార్థన గది దగ్గర వచ్చి ఆగింది. భిన్న విశ్వాసాల రోగులు, బంధువులు, సిబ్బంది ఒకే గదిని వాడుకోవడానికి ఆసుపత్రి ఎలాంటి నియమాలు పెట్టింది, వాటిని ఎవరు నిర్ణయించారు అన్నది కొత్త ప్రశ్న. తలుపు మీద అతికించిన వేళల పట్టిక, పక్కకు జరపడానికి వీలున్న కుర్చీలు, గోడకు ఏ చిహ్నాన్నీ శాశ్వతంగా బిగించకూడదన్న నిబంధన ఆ పత్రానికి ఆధారాలయ్యాయి. 'యువత' అన్న మాట అందులో మిగలనే లేదు. విన్నప్పుడు చిన్నగా అనిపించే ఆ ప్రశ్నలోంచి, ఒక ప్రజాసంస్థ మతానికి ఎంత చోటు ఇస్తుందన్న పెద్ద విషయం స్పష్టంగా బయటపడింది.

పఠన జాబితాను ఆలోచించి తయారు చేశారు. సమాజశాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఇద్దరైన వేబర్ (1904-05), డర్కైమ్ (1912) మతం గురించి చేసిన రచనల నుంచి కొన్ని భాగాలను మొదట్లోనే ముగించారు. వాటికి మరికొంత సమయం ఇచ్చినా బాగుండేది. అసలు పదును ఆ తర్వాతి వారాల్లో ఉంది. మతాన్ని మనుషుల్లో గాఢమైన మనోభావాలను నిలిపే ప్రతీకల వ్యవస్థగా మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1966లో నిర్వచించారు. అది చదివిన వారానికే, ఆ నిర్వచనంపై మరో మానవశాస్త్రవేత్త తలాల్ అసద్ 1983లో చేసిన విమర్శ చదివించారు. మతాన్ని ప్రధానంగా మనసులోని నమ్మకంగా చూడడం ఐరోపా క్రైస్తవ చరిత్ర నుంచి వచ్చిన అలవాటనీ, ఆచారాన్నీ క్రమశిక్షణనూ అధికారాన్నీ పక్కన పెట్టి ఇచ్చే సార్వత్రిక నిర్వచనం నిలవదనీ అసద్ వాదించారు. మొదటి వారం గీర్ట్జ్ నిర్వచనాన్ని హాయిగా నోట్సులో రాసుకున్న మేమంతా, రెండో వారం దాన్ని తిరిగి తెరిచి ఎక్కడ ఏది జారిపోయిందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ రెండు పాఠాలను పక్కపక్కన ఉంచడం ఈ సెమినార్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం.

లౌకికీకరణ, అంటే సమాజంలో మతం పాత్ర తగ్గిపోవడం గురించిన చర్చను కూడా ఇలాగే నడిపారు. ఆధునికత పెరిగేకొద్దీ మతం తగ్గుతుందన్న వాదానికి 1960లలో ముఖ్య ప్రతినిధుల్లో ఒకరైన సమాజశాస్త్రవేత్త పీటర్ బెర్గర్, ఆ అంచనా తప్పని 1999 నాటికి బహిరంగంగా రాశారు. స్పెయిన్, పోలండ్, బ్రెజిల్, అమెరికా ఉదాహరణలతో మతం తిరిగి ప్రజారంగంలోకి వస్తున్న తీరును మరో సమాజశాస్త్రవేత్త హొసే కసనోవా 1994లో వివరించారు. సమాజంలోని ఇతర రంగాలు మతం నుంచి వేరుపడడం, మతవిశ్వాసం క్షీణించడం, మతం వ్యక్తిగత జీవితానికి పరిమితం కావడం మూడు వేర్వేరు విషయాలని ఆయన చేసిన విభజన మా పత్రాల్లో చాలావాటికి వెన్నెముకగా నిలిచింది. పెద్ద పండితులు కూడా ఆధారాలను చూసి అభిప్రాయం మార్చుకుంటారని డిగ్రీ దశలోనే కళ్లారా చూడడం విద్యార్థికి ఎంతో ధైర్యాన్నిస్తుంది.

ఆధారాల గురించిన తరగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అమెరికాలో వారంవారం చర్చికి వెళ్తున్నామని చెప్పేవారు సుమారు 40 శాతమని అభిప్రాయ సేకరణలు చాలా కాలం చూపుతూ వచ్చాయి. హ్యాడవే, మార్లర్, ఛేవ్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒహాయోలోని ఒక కౌంటీలో ప్రొటెస్టెంట్ చర్చిల హాజరును, కొన్ని క్యాథలిక్ డయాసిస్‌ల (ఒక్కో బిషప్ పరిధిలోని ప్రాంతాల) లెక్కలను పరిశీలించి, నిజమైన హాజరు అందులో దాదాపు సగమే ఉండవచ్చని 1993లో ప్రకటించారు. జనం చెప్పేదానికీ చేసేదానికీ ఉన్న ఈ తేడాను అబద్ధమని తేల్చేసి వదలకుండా, చర్చికి వెళ్లే మనిషిగా తమను తాము చూసుకోవడం వారికి ఎందుకు ముఖ్యమైందని అధ్యాపకురాలు మమ్మల్ని అడిగారు. సర్వే అంకెను తోసిపుచ్చకుండానే అది నిజానికి దేన్ని కొలుస్తోందో అడగవచ్చని నాకు అక్కడే అర్థమైంది.

ఇక లోపాల మాట. పరిశోధన నైతికతను పాఠంగా చెప్పిన తీరు చాలా బాగుంది. ప్రళయం వస్తుందని నమ్మిన ఒక చిన్న బృందంలో పరిశోధకులు తామెవరో చెప్పకుండా చేరి చేసిన 1956 నాటి అధ్యయనాన్ని, వ్యక్తుల పట్ల గౌరవం, మేలు, న్యాయం అనే మూడు సూత్రాలను మనుషులపై చేసే పరిశోధనలకు చెప్పిన 1979 నాటి అమెరికా బెల్మాంట్ నివేదిక వెలుగులో చర్చించాం. అయితే మా సొంత ఇంటర్వ్యూలకు కావలసిన నైతిక అనుమతి దరఖాస్తు గురించి టర్మ్ మధ్యకు వచ్చాక గానీ చెప్పలేదు. అనుమతి చేతికందేసరికి కొందరు ఇంటర్వ్యూల ఆలోచనే మానుకుని, అచ్చులో ఉన్న సమాచారానికి పరిమితమయ్యారు. సమ్మతి పత్రం ఎలా రాయాలో, ఒక భక్తుడి సొంత అనుభవాన్ని ఎంతవరకు అడగవచ్చో మొదటి వారాల్లోనే సాధన చేయిస్తే ఈ నష్టం జరిగేది కాదు. ఈ అంశంలో ఇది చిన్న విషయం కాదు. మనిషి తన విశ్వాసం గురించి అపరిచితుడి ముందు నోరు విప్పుతున్నప్పుడు, ఆ మాటలు ఎక్కడికి వెళ్తాయో అతనికి ముందుగా తెలిసి ఉండాలి.

పఠన జాబితాలో మరో వెలితి ఉంది. క్రైస్తవ అనుభవం మీద కట్టిన సిద్ధాంతాలను ప్రశ్నించమని అసద్ ద్వారా నేర్పిన సెమినార్, ఉదాహరణల్లో మాత్రం ఎక్కువగా ఆ అనుభవం చుట్టూనే తిరిగింది. మిగతా సంప్రదాయాలు విద్యార్థుల పత్రాల ద్వారానే తరగతిలోకి వచ్చాయి. గణాంకాలను చదవడం గురించి చెప్పినంత బాగా, వాటిని స్వయంగా విశ్లేషించడం గురించి చెప్పలేదు.

వీటన్నిటికీ పరిహారంగా నిలిచింది చిత్తుప్రతుల పద్ధతి. ప్రతి విద్యార్థీ తన చిత్తుప్రతిని ముందుగానే అందరికీ పంపాలి. చర్చ మొదలయ్యాక రచయిత కొంతసేపు మౌనంగా వినాలి. మాట్లాడేవారు మొదట ఆ పత్రం ఏమంటోందో రచయిత ఒప్పుకునేలా చెప్పి, ఆ తర్వాతే విమర్శించాలి. గాఢంగా నమ్మేవారూ, ఏమీ నమ్మనివారూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోట ఈ చివరి నియమం ఎంత మేలు చేస్తుందో మాటల్లో చెప్పలేను. ఒకరి ఆరాధన గురించి మరొకరు రాసినప్పుడు కూడా గొంతులు పెరగలేదు, అలాగని మొహమాటంతో విమర్శ చప్పబడలేదు.

సామాజిక శాస్త్రాలు చదివేవారికే కాక, చట్టం, వైద్యం, పాత్రికేయం వైపు వెళ్లాలనుకునేవారికి కూడా ఇలాంటి సెమినార్‌ను గట్టిగా సిఫారసు చేస్తాను, ఎందుకంటే మతం ఎదురుపడని కోర్టు గానీ ఆసుపత్రి గానీ వార్తాసంస్థ గానీ ఉండదు. చేరేముందు కోర్సు ప్రణాళిక తీసుకుని, చిత్తుప్రతికీ తుది పత్రానికీ మధ్య ఎంత వ్యవధి ఉందో, నైతిక అనుమతికి దరఖాస్తు ఎప్పుడు పెట్టిస్తారో, ఒక్కో బృందంలో ఎంతమంది ఉంటారో చూసుకోండి. చిత్తుప్రతిని వెనక్కి ఇచ్చి తిరిగి రాయించే ఏర్పాటు ప్రణాళికలో కనిపించకపోతే, దాని పేరు సెమినార్ అయినా మీకు దక్కేది ఉపన్యాసాలే కాబట్టి మరొకటి వెతుక్కోవడం మేలు.