ప్లిమత్ బార్బికన్ వాకింగ్ టూర్: వెళ్లొచ్చు, కానీ హాకిన్స్ గురించి మీరే అడగాలి

ఇంగ్లాండ్‌లో ఉన్న మనోళ్లెవరైనా ప్లిమత్ వెళ్తే పాత రేవు ప్రాంతం బార్బికన్‌లో ఈ గైడెడ్ వాక్ చేయొచ్చు, బోర్ కొట్టదు, గైడ్ కూడా మంచి మాటకారి. మేఫ్లవర్ స్టెప్స్, పాత సందులు, పైన హో మైదానం అన్నీ తిప్పుతాడు. హో మీద పదహారో శతాబ్దపు ఇంగ్లీషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ విగ్రహం దగ్గరైతే చేతిలో డివైడర్లు, పక్కన గ్లోబు చూపించి, స్పెయిన్ ఆర్మడా (యుద్ధ ఓడల దండు) వస్తోందని తెలిసినా తాపీగా బౌల్స్ అనే బంతులాట ఆడుకున్నాడన్న కథ తెగ సాగదీశాడు, అది కట్టుకథే అయ్యుండొచ్చని మాత్రం అనలేదు.

నాకు నచ్చనిది ఆ కాలపు మరో నావికుడు జాన్ హాకిన్స్ సంగతి. పుట్టింది ఈ ఊళ్లోనే, డ్రేక్‌కి చుట్టం. ఓడల మీద ఎత్తుగా ఉండే కట్టడాలు తగ్గించి వేగంగా వెళ్లేలా మార్పించాడు, 1588లో ఆర్మడా మీద యుద్ధం చేసి సర్ అయ్యాడు అని గైడ్ చెప్పాడు, అక్కడితో సరి, నెక్స్ట్ స్టాప్! మరి బానిసల వ్యాపారం మాటేంటండీ అని అడిగితే అప్పుడు మొదలెట్టాడు, చూస్తే అన్నీ తెలుసు మహానుభావుడికి. 1562లో సియెర్రా లియోన్ వైపు వెళ్లి దాదాపు 300 మంది ఆఫ్రికన్లని పట్టుకుని కరీబియన్ దీవి హిస్పానియోలాలో అమ్మి, తోళ్లు, అల్లం, పంచదార, ముత్యాలు ఓడలకెత్తుకొచ్చాడట. లాభం చూసి రెండోసారికి ఎలిజబెత్ రాణి తన సొంత ఓడ జీసస్ ఆఫ్ లూబెక్‌నే ఇచ్చింది. ఆ తర్వాత వాళ్ల వంశ చిహ్నం మీద ఏం వేయించుకున్నాడో తెలుసా, తాళ్లతో కట్టేసిన ఆఫ్రికన్ బొమ్మ. గైడ్ ఫోన్‌లో చూపించాడు, చూస్తే ఒళ్లు మండింది, సిగ్గుపడి దాచుకున్న పని కాదది, గొప్పగా చెప్పుకున్నదే.

మూడోసారి 1568లో మెక్సికో తీరంలో శాన్ హువాన్ దె ఉలువా దగ్గర స్పెయిన్ వాళ్లు చితక్కొట్టారు, తిండి చాలక తన మనుషుల్నే వందమంది దాకా ఒడ్డున దింపేసి వచ్చాడు. ఆ ప్రయాణంలో డ్రేక్ కూడా ఉన్నాడు, జూడిత్ అనే ఓడ నడిపింది ఆయనే, విగ్రహం దగ్గర అంతసేపు పొగిడినప్పుడు ఈ ముక్క ఎటుపోయిందో మరి.

ఊళ్లో హాకిన్స్ పేరున్న స్క్వేర్‌కి ప్లిమత్ ఆర్గైల్ ఫుట్‌బాలర్ జాక్ లెస్లీ పేరు పెట్టాలని 2020లో కౌన్సిల్ నిర్ణయించింది, ఒంటి రంగు వల్లే 1925లో ఇంగ్లాండ్ టీమ్‌లో ఛాన్స్ పోయిందని చెప్పుకునే ఆటగాడు. టూర్ అటువైపే వెళ్లదు.

5కి 3 ఇస్తున్నా. హో మీద గాలికి గైడ్ మాట వెనకున్నోళ్లకి వినపడదు, ముందు నిలబడండి, అడగడానికి కూడా వీలుంటుంది.