పాల కేంద్రంలో యాంటీబయాటిక్ స్ట్రిప్: గీత పడితే మంచిది, పడకపోతేనే చిక్కు

పాలలో పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులు మిగిలాయేమో పది నిమిషాల్లో చెప్పే స్ట్రిప్ ఇది. సేకరణ కేంద్రాలకు కొనదగ్గ సరుకే. కాకపోతే చాలాచోట్ల దీన్ని తప్పు చోట వాడుతున్నారు.

ఫ్రిజ్‌లోంచి (2–8 డిగ్రీలు) తీసిన స్ట్రిప్‌ల సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు. స్ట్రిప్‌కి చెమ్మ తగిలితే సీసా మొత్తం పోయినట్టే. ఎర్రపొడి ఉన్న గుంటలో 200 మైక్రోలీటర్ల పాలు పోసి, గులాబీ రంగు సమంగా వచ్చేదాకా పిపెట్‌తో లాగి వదలాలి. నురగ రానివ్వకూడదు. 40 డిగ్రీల హీటర్‌లో కిట్‌తో వచ్చిన కరపత్రంలో చెప్పినన్ని నిమిషాలు ఉంచి, స్ట్రిప్ ముంచి, సమయం కాగానే చూడాలి. ఆలస్యమైతే రంగులు మారతాయి. పిపెట్ మూతి ప్రతి రైతు పాలకీ మార్చాలి.

గర్భ పరీక్ష అలవాటుతో చూస్తే బోల్తా పడతాం. ఇక్కడ మందు ఉంటే గీత పడదు, లేదా లేతగా పడుతుంది. పొడిలోని రంగు కణాలను పాలలోని మందు ముందే పట్టేసుకుంటే, గీత దగ్గర అంటుకోవడానికి ఏమీ మిగలదు. పరీక్ష గీత, పోల్చి చూడటానికి ఉన్న పై గీత (కంట్రోల్) కంటే ముదురుగా ఉంటే పాలు శుభ్రం. సమానంగానో లేతగానో ఉంటే ఆపెయ్యాలి. పై గీతే రాకపోతే ఆ పరీక్ష చెల్లదు.

లోపం ఏమిటంటే, వేరే జాతి యాంటీబయాటిక్ అయిన ఎన్రోఫ్లాక్సాసిన్ సూది వేసిన గేదె పాలు కూడా దీని లెక్కలో మంచి పాలే. రెండోది, పలచబడటం. అందరి పాలూ కలిపి చల్లబరిచే 500 లీటర్ల కూలర్‌లో ఒక గేదె 5 లీటర్లు కలిస్తే మందు నూరో వంతవుతుంది, స్ట్రిప్‌కి చిక్కకపోవచ్చు. అందుకే కూలర్ దగ్గర కాదు, క్యాన్ దగ్గర వాడాలి. అంత ఖర్చు పెట్టలేకపోతే కనీసం రైతువారీగా చిన్న సీసాల్లో నమూనాలు దాచితే, కూలర్ పాలు పరీక్ష తప్పినప్పుడు ఎవరివో తేలుతుంది.

పక్కనే ఒక రిజిస్టరు ఉండాలి: 12 అంకెల చెవి ట్యాగు, మందు పేరు, చివరి డోసు తేదీ. ఆ మందుకి విరామం (చివరి డోసు తర్వాత పాలు, మాంసం వాడకూడని రోజులు) పరీక్షలతో ఖరారు కాకపోతే 2012 నిబంధన ప్రకారం పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. పొదుగువాపుకి చన్నులోకి మందు ట్యూబు ఎక్కించి, నయం కాలేదని కోతకు అమ్మేవాళ్లకి ఆ రెండో అంకె వర్తిస్తుంది. ఈ స్ట్రిప్ మాంసానికి పనికిరాదు.

జున్నుపాలకూ అంతే. చిక్కదనం వల్ల స్ట్రిప్ పైకి సరిగా ఎక్కవు.