సిస్టమ్స్ అనలిస్ట్ కావాలంటే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ డిగ్రీ ఎలా ఉంటుంది? చదివాక నా రివ్యూ

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో డిగ్రీ చేసి, తొమ్మిదేళ్లుగా సిస్టమ్స్ అనలిస్ట్‌గా పనిచేస్తున్నాను, అంటే వాడేవాళ్లకు ఏం కావాలో తెలుసుకుని, సిస్టమ్ ఎలా ఉండాలో రాసిచ్చే పని. కంప్యూటర్ సైన్స్ తీసుకోవాలా, ఇది తీసుకోవాలా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే నాకు ఈ కోర్సులో పనికొచ్చినదీ, కొరత పడినదీ రాస్తున్నాను.

అన్నిటికన్నా పనికొచ్చింది మూడో సంవత్సరం ప్రాజెక్టు. నలుగురం కలిసి ఒక ఆసుపత్రి మందుల స్టోరుకు సిస్టమ్ డిజైన్ చేయాలి. స్టోర్‌కీపర్‌ని అడిగితే, "వార్డు నుంచి చీటీ వస్తుంది, మందులిస్తాం, రిజిస్టర్‌లో రాస్తాం" అన్నారు. అలాగే డేటా ఫ్లో డయాగ్రమ్ (సమాచారం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే బొమ్మ) గీసి తీసుకెళ్లాం. మా సార్ దాన్ని చూసి ఒకటే అడిగారు: "ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశారా?" చూడలేదు. మళ్లీ వెళ్లి ఒక పూటంతా కూర్చున్నాం. రిజిస్టర్‌లో కొన్ని వరుసలకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. రాత్రి ఎమర్జెన్సీలో మందులు ముందే ఇచ్చేస్తారు, చీటీ పొద్దున వస్తుంది, అది వచ్చాక సున్నా మీద టిక్ పెడతారు. రోజూ చేసే పని కాబట్టి ఆయనకు అది చెప్పాల్సిన విషయంగా తోచలేదు. మేం గీసినట్టే సిస్టమ్ కట్టి ఉంటే, చీటీ నంబర్ లేదని రాత్రిపూట మందులు ఆగిపోయేవి.

డేటాబేస్ పేపర్ విలువ కూడా అక్కడే తెలిసింది. పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించిన ఈఆర్ మోడల్‌ను (వేటి గురించి డేటా ఉంచాలో, వాటి మధ్య సంబంధాలేమిటో చూపే పద్ధతి) క్లాసులో మార్కుల కోసం చదివాం. ఎర్ర సున్నాలు చూశాక మాత్రం చీటీకి ఒక టేబుల్, ఇచ్చిన మందులకు ఇంకో టేబుల్ పెట్టి, రెండో దాంట్లో చీటీ నంబర్ ఖాళీగా ఉండొచ్చని గుర్తు పెట్టాం. ఈ పని నాకు నచ్చడం ఆ రోజే మొదలైంది.

సాఫ్ట్‌వేర్ డిజైన్‌ని బొమ్మల్లో చూపే భాష యూఎంఎల్‌కి మా కాలేజీలో సెమిస్టర్ మొత్తం కేటాయించారు. అంత అక్కర్లేదు. 1997లో ప్రమాణమైన ఆ భాషలో బొమ్మలు చాలా రకాలున్నా, ఆఫీసులో నేను వాడేది యూజ్ కేస్, యాక్టివిటీ, సీక్వెన్స్, ఈ మూడే.

ఇక కొరతలు. ప్రోగ్రామింగ్ రెండు సెమిస్టర్లతో సరిపెట్టారు. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ పైపైన చెప్పారు. మొదటి ఉద్యోగంలో, నేను రాసిన రిక్వైర్‌మెంట్ (సిస్టమ్ ఏం చేయాలో చెప్పే రాత) చదివి ఒక డెవలపర్, "స్క్రీన్ తెరిచిన ప్రతిసారీ టేబుల్ మొత్తం చదవాలంటే సిస్టమ్ తట్టుకోదు" అంటే నాకు అర్థం కాలేదు. టేబుల్‌లో కావాల్సిన వరుసను త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ అంటే ఏమిటో, డేటాబేస్ ఆ వెతుకులాట ఎలా చేస్తుందో చూపే క్వెరీ ప్లాన్ ఎలా చూడాలో ఆ తర్వాత రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నాను. టెస్టింగ్ అయితే ఒక్క యూనిట్. ఒక సిస్టమ్ ఇంకో సిస్టమ్‌తో ఏపీఐల ద్వారా (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని అడగడానికి ముందే కుదుర్చుకున్న పద్ధతులు) ఎలా మాట్లాడుతుందో అసలు చెప్పలేదు. ఇప్పుడు నా పనిలో సగం అదే.

అల్గారిథమ్స్ అంటే ఇష్టం ఉండి, రేపు డెవలపర్‌గా కూడా వెళ్లాలనుకుంటే కంప్యూటర్ సైన్సే తీసుకోండి. కానీ అందులో సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్ పేపర్ ఉందో లేదో చూసుకోండి. చాలాచోట్ల అది ఎలక్టివ్‌గానే ఉంటుంది. కంప్యూటర్ రంగంలోని వృత్తి సంఘాలైన ఏసీఎం, ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీల 2020 నివేదిక కంప్యూటర్ సైన్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లను వేర్వేరు శాఖలుగా చూపిస్తుంది. కాలేజీలు పెట్టే పేర్లు మాత్రం అంత కచ్చితంగా ఉండవు, కాబట్టి సిలబస్ తెప్పించుకుని చదవండి. ప్రాజెక్టుకు నిజమైన వాడుకదారు ఉంటారా, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌కి మార్కులుంటాయా అని సీనియర్లను అడగండి. ఆ రెండూ లేని కోర్సు, పేరు ఏదైనా, ఈ ఉద్యోగం కోసమైతే నేను తీసుకోమని చెప్పను.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ టెస్టింగ్‌ని ఒక్క యూనిట్‌తో ముగించినందుకు.